ఇంకోసారి కడిగాను

ఫిబ్రవరి 3

ఈరోజు నా బెంచి మీదికి వచ్చిన ఒక ట్యూబు మీద మా ఇంటిపేరు ఉంది. మొదట నవ్వొచ్చింది. ఈ ఊళ్లో మా ఇంటిపేరు వాళ్లు ఇంకా ఎవరున్నారబ్బా అనుకున్నాను. వయసు చూశాను, ముప్పై తొమ్మిది. పుట్టినతేదీ చూశాను. ఆ తేదీన నాకు ఐదేళ్లు. పెదనాన్న నన్ను భుజాన వేసుకుని అప్పుడే పుట్టిన తమ్ముణ్ణి చూపించడానికి తీసుకెళ్లాడు.

స్లైడ్ నేనే వేశాను, రంగు నేనే పట్టించాను, నేనే చూశాను. పందొమ్మిదేళ్లుగా ఈ ల్యాబులో రక్తాలు చూస్తున్నదాన్ని, నాకు రెండు సెకన్లు చాలు. పెద్ద పెద్ద తెల్లకణాలు, ఎదగాల్సిన దగ్గర ఎదగకుండా ఆగిపోయినవి. నూటికి డెబ్బై అవే ఉన్నాయి.

వెధవ, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మూడు వారాలుగా చిగుళ్లలోంచి రక్తం వస్తోందట. బ్రష్ మార్చి చూశాడట. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అటునుంచి నవ్వుతూనే ఉన్నాడు. పెట్టేశాక వాష్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 4

బ్లడ్ క్యాన్సర్. రాసి చూశాను. నాలుగు రోజులైతే అలవాటవుతుందేమో.

ఫిబ్రవరి 9, సాయంత్రం

డాక్టరమ్మ తమ్ముణ్ణి, మరదల్ని, నన్ను తన గదిలో కూర్చోబెట్టింది. పదకొండేళ్లుగా ఆవిడకి రిపోర్టులు పంపుతున్నాను. ఎప్పుడూ నన్ను తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడే మనిషి. ఈరోజు కుర్చీ చూపించింది. ఎల్లుండి నుంచి కీమో అంది.

తర్వాత కాంటీన్‌లో కూర్చున్నాం. తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఏ వస్తువునైనా విప్పి లోపల చూస్తే తప్ప వాడికి తిన్నది అరగదు. డాక్టరమ్మ చెప్పింది ఒక్క ముక్క ఎక్కలేదట, నాకు అర్థమయ్యేలా నువ్వు చెప్పవే అక్కా అన్నాడు.

చెప్పాను. మూలుగలో రోజూ వేల కోట్ల రక్తకణాలు పుడతాయి. అన్నే చావాలి. చావకపోతే ఒంట్లో చోటుండదు. క్రిములతో కొట్లాడే తెల్లకణాలైతే కొన్ని ఒక రోజు కూడా ఉండవు. వాటిని ఎవరూ వచ్చి చంపరు. చచ్చిపొమ్మనే ఆర్డరు పుట్టినప్పుడే లోపల ఉంటుంది. కొన్ని ప్రోటీన్లు ఆ ఆర్డరుని అణిచిపట్టుకుని కూర్చుంటాయి. బయట్నుంచి ఇంకా ఉండు, ఇంకా ఉండు అని కబురు వస్తున్నంతసేపూ పట్టు వదలవు. కబురు ఆగిందా, వదిలేస్తాయి. కణం తనంతట తాను ముడుచుకుని, ముక్కలై, పక్కవాటికి ఆహారమైపోతుంది. ఎక్కడా చెత్త ఉండదు. నీ కణాల్లో ఆ పట్టుకునే ప్రోటీన్లు ఎక్కువైపోయాయి, కబురు ఆగినా పట్టు వదలవు, అందుకని అవి పనీ చెయ్యవు, చావవు, చోటు ఖాళీ చెయ్యవు అన్నాను.

వాడు టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఆలోచించాడు. అయితే మా లిఫ్టు బ్రేకే కదా అన్నాడు. లిఫ్టు ఆగాలంటే బ్రేకు నొక్కుతారనుకుంటారు జనం, కాదట. స్ప్రింగులు ఎప్పుడూ నొక్కడానికే చూస్తుంటాయట. కరెంటు వాటిని బలవంతాన తెరిచి పట్టుకుంటేనే లిఫ్టు కదులుతుందట. కరెంటు పోయిందా, పట్టేస్తుంది. నాకు బ్రేకు తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నమాట, అంతేనా అన్నాడు. నేను ఇన్నేళ్లలో ఎంతమందికో పాఠాలు చెప్పాను. ఇంత చక్కగా నాకు ఎప్పుడూ తట్టలేదు.

మరదలు బట్టలు కుడుతుంది, ఇంటి ముందు గదిలోనే షాపు. ఎక్కువ మాట్లాడదు. మరి ఆ పట్టు విడిపించే మందు లేదా వదినా అని ఒక్కటే అడిగింది. ముందు కీమో పడనీ అన్నాను.

ఫిబ్రవరి 24

గుండు. అద్దంలో చూసుకుని, ఇన్నాళ్లూ ఈ తల మీద జుట్టు దండగే అన్నాడు. గుండు బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

మార్చి 20

మూలుగ శుభ్రంగా ఉంది. స్లైడ్ మొత్తం రెండుసార్లు చూశాను. సీటు మీద కూర్చోలేక కారిడార్‌లో అటూ ఇటూ నడిచాను. మా ల్యాబ్ ఇన్‌ఛార్జి ఎదురొచ్చి, ఏమిటమ్మా ఎక్కడికి అన్నాడు. ఈయన్ని మేం గడియారం అంటాం. తొమ్మిదికి రమ్మంటే తొమ్మిదికి ఒక నిమిషం ముందు తలుపు దగ్గర ఉంటాడు. ఎక్కడికీ లేదు సార్, ఊరికే అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను పని దొంగను చూసినట్టు చూశాడు. బాధ అనిపించలేదు.

ఏప్రిల్ 11

డ్యూటీకి వెళ్తున్నాడు. వద్దంటే వినడు. ఎనిమిదంతస్తుల బిల్డింగ్‌లో తాడు మార్చి వచ్చానని ఫోటో పంపాడు. ఫోటోకి తిట్లు పంపాను.

మే 14

వచ్చేసింది మళ్లీ.

మే 16, సాయంత్రం

డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది. ఒకటి కొత్త మాత్ర. మరదలు ఆనాడు అడిగిన మందు ఇదే. ఆ పట్టుకుని కూర్చున్న ప్రోటీన్ చేతుల్లోకి ఇది దూరి కూర్చుంటుంది, అది పట్టుకున్నదాన్ని వదిలేయాల్సి వస్తుంది. ఇంట్లో ఉండి వేసుకోవచ్చు, వారానికోసారి వచ్చి రక్తం ఇస్తే చాలు. రెండోది పెద్ద కీమో. ఐదు వారాలు మూసిన గదిలో. మూలుగ మొత్తం ఊడ్చేస్తుంది, మంచీ చెడూ చూడదు. తెల్లకణాలు మళ్లీ మొలిచేదాకా చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఏ దారి పట్టినా ఆఖర్న నా మూలుగ వాడికి ఎక్కించాలి. నాది సరిపోయింది. నీ మూలుగతో పాటు నీ కోపం కూడా ఎక్కిస్తారేమో, మా ఆవిడ గతేం కాను అన్నాడు తమ్ముడు.

వాడికి మాత్ర కావాలి. గది అంటే భయం వాడికి. ఇరవయ్యేళ్లు లిఫ్టు గోతుల్లో పనిచేసినవాడికి మూసిన గది అంటే భయమేమిట్రా అంటే, గోతికి పైన తెరిచి ఉంటుందే అన్నాడు.

మాత్ర అందరికీ పనిచెయ్యదు. కొందరి కణాలు ఇంకో ప్రోటీన్ని పట్టుకుని వేలాడతాయి. అందుకని వాడి మూలుగ తీసి, ఆ మందులో ఒక రోజు ఉంచి, ఎన్ని చస్తాయో చూడమంది డాక్టరమ్మ. నూటికి యాభై దాటితే మాత్ర. ఇరవై లోపు ఉంటే మాత్ర దండగ, రోజులు పోతాయి, పెద్ద కీమోయే. ఆ టెస్టు ఈ హాస్పిటల్లో చేసేది నేనే.

మే 18

గడియారంతో గొడవ. సొంతవాళ్ల శాంపిల్ సొంతవాళ్లు ముట్టుకోకూడదని రూల్ ఉంది. స్లైడ్లు చూడ్డం వరకు పట్టించుకోలేదు కానీ ఈ టెస్టుకి పట్టుబట్టాడు. ఆ రూల్ కాగితం టైపు చేసింది నేనే. ఆ టెస్టు సగంకప్పు చేస్తుందిలే అన్నాడు. సగంకప్పు అంటే నా పక్క బెంచి ఆవిడ, ఏ టీ ఇచ్చినా సగం తాగి వదిలేస్తుంది. పని కూడా అంతే అని నా అభిప్రాయం. ఆవిడ చేతుల్లో మా తమ్ముడి కణాలు పెట్టను సార్ అన్నాను. గట్టిగానే అన్నాను, ఆవిడకి వినపడింది కూడా. వినపడనీ అనుకున్నాను.

గడియారం ఆఖరికి కాగితం మీద ఒక లైను రాసి సంతకం పెట్టాడు. ఈ ఒక్కసారికీ అని.

మే 20, సాయంత్రం 5.00

కణాల్ని నిన్న మందులో వేశాను. ఈరోజు రంగు పట్టించాను. చావడం మొదలుపెట్టిన కణం తన చర్మం లోపలి కొవ్వుని బయటికి తిప్పుతుంది. ఇక నన్ను తినేయండి అని పక్కవాటికి చెప్పడం అది. ఆ కొవ్వుకి అతుక్కునే మెరిసే రంగు ఒకటుంది. మెషిన్ ఒక్కో కణాన్నీ లైటు ముందు నుంచి పంపి, మెరిసినవాటిని లెక్కపెడుతుంది.

ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చెయ్యలేదు. కొత్త టిప్పులు తీశాను. గంట సేపు ఫోన్ ఆపేశాను. కంట్రోల్ ట్యూబులు, అంటే చస్తాయని ముందే తెలిసిన కణాలున్నవి, మామూలుగానే చేసి పక్కన పెట్టాను. వాడి మూలుగ జిడ్డుగా, చెత్తగా ఉంది. రంగు వేశాక వాడి ట్యూబుల్ని మాత్రం మెషిన్‌లో పెట్టే ముందు ఇంకోసారి కడిగాను, మేం రోజూ అన్నిటికీ వాడే బఫర్ ద్రవంతో. ప్రోటోకాల్‌లో లేదు. మా వాడివి కదా, శుభ్రంగా ఉండాలి.

మే 20, సాయంత్రం 6.40

నాలుగు శాతం.

కంట్రోల్ ట్యూబుల్లో ఎనభై వచ్చింది. అంటే రంగు బాగుంది, మెషిన్ బాగుంది. వాడి కణాలే మొండివి. వాడి లాగే.

మే 21

రిపోర్ట్ నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. డాక్టరమ్మ ఒక్కటే అడిగింది, నమ్మకమేనా అని. కళ్లు మూసుకుని నమ్మొచ్చు మేడమ్ అన్నాను.

తమ్ముడు రిపోర్ట్ అడిగి తీసుకుని చూశాడు. నాలుగేనా, పరీక్షల్లో కూడా ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదే నాకు అన్నాడు. మరదలు వాడి చొక్కా బొత్తాం ఊడబోతోందని పట్టుకుని చూస్తోంది. సరే, గదిలోకే పోదాం, నువ్వు చూసింది తప్పవుతుందా అన్నాడు.

మే 25

గదిలో చేర్చారు. రెండు తలుపులు. ఒకటి మూస్తేగాని ఇంకోటి తెరుచుకోదు. అది చూసి, లిఫ్టు డోరు ఇంటర్‌లాకే ఇది, బాగా కట్టారు అన్నాడు. వాడి మొహం మాత్రం తెల్లగా ఉంది.

జూన్ 5

తెల్లకణాలు: వంద. ఉండాల్సింది నాలుగు వేలు.

జూన్ 7

తెల్లకణాలు సున్నా. స్లైడ్‌లో ఒక్కటీ లేదు. ఖాళీ స్లైడ్‌ని ఇరవై నిమిషాలు చూశాను.

జూన్ 10

జ్వరం నూట మూడు. ఊపిరితిత్తుల్లో ఫంగస్ అంటున్నారు. దాన్ని తినాల్సిన కణాలు లేవు. అవి మొలవడానికి ఇంకో పది రోజులు. ఆ పది రోజులూ వాడు నిలబడితే చాలంటున్నారు.

జూన్ 12, మధ్యాహ్నం 12.30

భోజనానికి పోలేదు. మే 20 నాటి ఫైలు తెరిచి కూర్చున్నాను. ఎందుకంటే చెప్పలేను, పుండు గోక్కున్నట్టు మూడు వారాల నుంచి ఆ ఫైలే తెరుస్తున్నాను. మెరుపు గ్రాఫు కాకుండా ఈరోజు మొదటి గ్రాఫు చూశాను, కణాల సైజు చూపించేది. కింద ఎడమ పక్కన దట్టంగా ఒక గుంపు ఉంది. చిన్న చిన్న కణాలు. ఆ రోజు దాన్ని చెత్త అనుకుని, లెక్కపెట్టే కణాల చుట్టూ గీసే గీత బయట వదిలేశాను.

చచ్చే కణం ముందు ముడుచుకుపోతుంది. చిన్నదవుతుంది. నేనే ఫిబ్రవరిలో వాడికి చెప్పాను.

మందు వేయని ట్యూబులో ఆ గుంపు లేదు. మందు వేసిన ట్యూబులో మాత్రమే ఉంది. అవి చచ్చిపోతున్న కణాలు. మరి మెరవలేదెందుకు?

మధ్యాహ్నం 1.15

బఫర్ సీసా లేబుల్ చదివాను. నాకు తెలియనిది కాదు, అయినా చదివాను. రోజూ వాడే బఫర్‌లో రక్తం గడ్డకట్టకుండా ఒక మందు కలిపి ఉంటుంది. అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. మెరిసే రంగు ఆ కొవ్వుకి అతుక్కోవాలంటే మధ్యలో కాల్షియం ఉండాలి. కాల్షియం పోతే రంగు ఊడి వచ్చేస్తుంది. అందుకే ఈ టెస్టుకి బఫర్ వేరే. అందుకే రంగు వేశాక కడగకూడదు. ఈ బెంచి మీద మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. ఎంతమందికో నేనే చెప్పాను.

కంట్రోల్‌ని కడగలేదు. వాడివి మాత్రమే కడిగాను.

సగంకప్పు చేసి ఉంటే రాసినట్టు చేసేది. రాసినదానికంటే ఒక్క చుక్క ఎక్కువ పని చెయ్యదు ఆవిడ.

జూన్ 13

ఫ్రీజర్‌లో వాడి కణాలు ఒక్క వయల్ ఉంది. ఎవరికీ చెప్పకుండా తీశాను. కరిగించి మందులో వేశాను. కడగను.

జూన్ 14, సాయంత్రం

మందు లేని ట్యూబులో పద్నాలుగు. మందు వేసిన ట్యూబులో డెబ్బై రెండు.

డెబ్బై రెండు. ఆ మాత్ర వాడికి పనిచేసేది. ఇంట్లో ఉండి వేసుకునేవాడు. తెల్లకణాలు తగ్గేవేమో కానీ ఇలా సున్నా అయ్యేవి కావేమో. ఈ ఫంగస్ రాకపోనేమో. నా చేతులతో వాణ్ణి ఆ గదిలో పెట్టాను.

జూన్ 15

మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని లోపలికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఈ బిల్డింగ్ లిఫ్టు బాగాలేదట. స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు గమనించాడట, ఫ్లోరుకి రెండు వేళ్లు కిందే ఆగుతోందట. సరిచేసినవాడు ఎక్కి చూసి ఉండడు అన్నాడు. వాళ్లకో పద్ధతి ఉందట. బ్రేకు విప్పినవాడు బిగించాక, జనాన్ని ఎక్కించేముందు తనొక్కడే ఎక్కి పైనుంచి కిందికి రావాలట. తేడా ఉంటే మెషిన్ రూమ్‌లో వేలాడే పుస్తకంలో తనే రాయాలట. వాడు రెండుసార్లు రాశాడట. రాసిన రోజు కడుపు నిండా తిన్నానే అన్నాడు, నవ్వబోయి దగ్గాడు.

నీళ్లు తాగించాను. దుప్పటి సర్దాను. చెప్పలేదు.

జూన్ 16

ఇప్పుడు చెప్పినా జ్వరం తగ్గేదాకా మాత్ర ఇవ్వరు. తగ్గాక చెప్పొచ్చు. ఇది సాకని నాకు తెలుసు.

జూన్ 17

బెంచి పోతుందని కాదు నా భయం. పోనీ. నువ్వు చూసింది తప్పవుతుందా అన్నాడే, ఆ మాట పోతుందని భయం. చిన్నప్పుడు వాడి సైకిలు గొలుసు ఊడినా నా దగ్గరికే తెచ్చేవాడు. నాకు పెట్టడం రాదు, వచ్చని చెప్పేదాన్ని. సిగ్గు లేకుండా రాస్తున్నాను, వాడు బతకాలనే కోరిక ఎంత ఉందో, వాడి ముందు తలదించుకోకూడదనే కోరికా అంతే ఉంది. నాలాంటిదానికి ఒకరి ప్రాణం అప్పజెప్పకూడదు.

జూన్ 18

చెప్పాను. ముందు గడియారానికి. ఆయన తన సంతకం ఉన్న కాగితం తీసి చూసుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎప్పుడు తెలిసింది అంది. నాలుగు రోజులైంది మేడమ్ అన్నాను. మాత్ర తెప్పించి ఉంచుతాను, జ్వరం దిగి కణాలు మొలవడం మొదలైతే ఒక్క రోజు ఆగను అంది. ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పొద్దు, అతని భార్య రోజంతా ఆ తలుపు దగ్గర నిలబడి ఉంటోంది, అతను లేచాక అందరం కూర్చుని చెబుదాం అంది.

గుండెల మీంచి ఏదో దిగుతుందనుకున్నాను. దిగలేదు.

జూన్ 20

తెల్లకణాలు మూడు వందలు. మొలుస్తున్నాయి. స్లైడ్‌లో నేనే చూశాను, నాలుగు మంచి కణాలు, లేతగా. డాక్టరమ్మ మాత్రలు టేబుల్ మీదే పెట్టుకుంది.

జూన్ 21

వెంటిలేటర్.

జూన్ 22, మధ్యాహ్నం 2.15

పోయాడు.

జూలై 2

డ్యూటీలో చేరాను. నన్ను ఆ బెంచి నుంచి తీసేశారు. ట్యూబుల మీద లేబుల్స్ అంటించే పని ఇచ్చారు. తొమ్మిదింటికి వచ్చి అంటిస్తున్నాను. నా బెంచి మీద సగంకప్పు కూర్చుంది. ఒక్క మాట పుల్లవిరుపుగా అనలేదు. మధ్యాహ్నం తన టీలో సగం నాకు పోసి ఇచ్చింది. అదే పుల్లవిరుపు కంటే ఘోరంగా ఉంది.

డాక్టరమ్మని అడిగాను. ఆ నాలుగు రోజులు నేను దాచకపోతే ఏమైనా మారేదా అని. లేదు అంది, వెంటనే అంది. మే నెలలో మాత్ర ఇచ్చి ఉంటేనో అని అడిగాను. ఈసారి వెంటనే అనలేదు. ట్యూబులో చచ్చిన కణాలు మనిషిలో కూడా చావాలని లేదు, మాత్రతో ఏడాది రెండేళ్లు బాగున్నవాళ్లున్నారు, రెండు నెలల్లో పోయినవాళ్లూ ఉన్నారు, నీకు ఒక అంకె ఇవ్వలేను అంది. నేను ఇన్నేళ్లూ ఆవిడకి అంకెలే ఇచ్చాను.

జూలై 6

మరదలి దగ్గరికి వెళ్లాను. ఎవరిదో జాకెట్టు కుడుతోంది. కుట్టడం ఆపకుండానే మాట్లాడింది. వాడి చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. తీయబుద్ధి కావడం లేదట.

ఒకటి మాత్రం నాకు మనశ్శాంతి వదినా అంది. ఆయన ఆ మాత్ర కావాలని ఎంత ఆశపడ్డాడో నీకూ తెలుసు. నువ్వు ఆ పరీక్ష చేసి పనిచెయ్యదని తేల్చకపోయి ఉంటే, అయ్యో అది ఇప్పించి ఉంటే బతికేవాడేమోనని నేను జీవితాంతం కుళ్లి కుళ్లి ఏడ్చేదాన్ని. నువ్వు కాబట్టి నమ్మాను. నా కాళ్లకి ఆ ఒక్క నేల మిగిల్చావు అంది.

మంచినీళ్లు అడిగాను. తాగి వచ్చేశాను.

జూలై 8

సవరించిన రిపోర్ట్ తయారైంది. నాలుగు కొట్టేసి డెబ్బై రెండు. కింద కారణం నా మాటల్లోనే రాయమన్నారు. మూడు లైన్లు రాశాను. గడియారం చదివి, ఎక్కువ జాగ్రత్త తీసుకోవడం వల్ల అన్న మాట కొట్టేశాడు. కారణం రాయమ్మా, సంజాయిషీ వద్దు అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. దాంతో రెండు లైన్లే మిగిలాయి.

ఒక కాపీ కుటుంబానికి ఇవ్వాలి. ఆఫీసు వాళ్లు మరదల్ని పదిహేనో తేదీన రమ్మని ఫోన్ చేశారు. డాక్టరమ్మ, ఆఫీసు పెద్దాయన, ఇంకెవరో కూర్చుని చెబుతారట. అప్పటిదాకా నన్ను నోరు మెదపొద్దన్నారు.

జూలై 10

మరదలు ఫోన్ చేసింది. ఆసుపత్రివాళ్లు రమ్మంటున్నారు వదినా, ఆ గేటులోకి నేను మళ్లీ అడుగు పెట్టలేను, రానని చెప్పేశాను అంది. ఏవో కాగితాలట కదా, పోస్టులో పంపిస్తామన్నారు, నాకేం అర్థమవుతుంది, నువ్వే తీసుకుని వచ్చి విప్పి చెప్పు అంది.

సరే అన్నాను.

జూలై 11

చెప్పకుండా ఉండే దారి ఒకటుంది. కవరు నేనే అడిగి తీసుకుని, చించేసి, అన్నీ మామూలు కాగితాలే అనొచ్చు. ఆమె నమ్ముతుంది. ఆ ఒక్క నేల మీద ఆమె హాయిగా నిలబడి ఉంటుంది, నేనూ ఆమెకి వదినగా మిగులుతాను. పొద్దుట్నుంచి ఇదే ఆలోచన. ఇందులో ఆమె మీద ప్రేమ ఎంత, నా భయం ఎంత అని విడదీసి చూద్దామనుకున్నాను. జూన్‌లో నాలుగు రోజులు ఇలాగే విడదీశాను. ఈసారి విడదీయను, వెళ్తాను.

ఆఫీసులో కవరు అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. గడియారం లోపలికి వెళ్లి ఏం మాట్లాడాడో, ఐదు నిమిషాల్లో తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనూ రానా అన్నాడు. వద్దు సార్ అన్నాను. ఆయన సంతకం చేసిన లైను గురించి కూడా చెప్పమన్నాడు.

జూలై 13

చెప్పాను.

ఆమె లేచి కుట్టుమిషన్ స్విచ్చి తీసేసి, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. రంగు వేశాక అసలు ఎన్నిసార్లు కడగాలి అని అడిగింది. కడగక్కర్లేదు అన్నాను.

రేపు ఇదే వేళకి రమ్మంది. మళ్లీ చెప్పాలట.